చివరి చెయ్యి

మా పెద్దన్న పోయాక ఆయన గురించి ఎవరైనా రాస్తే మంచి మనిషి అనే రాస్తారు. అందుకే ఆయన బతికుండగానే నేను రాస్తున్నాను. ఆర్. వరదరాజులు, బోటు మోటార్ల మెకానిక్కు అంటే పుదుచ్చేరి హార్బరులో పాతవాళ్ళంతా ఎరుగుదురు. ఎరిగినవాళ్ళలో ఒక్కరైనా ఆయన్ని మంచి మనిషి అనగా నేను వినలేదు. మంచి పనివాడు అంటారు. దాన్ని నేనూ కాదనను.

డెబ్బై దాటాయి. మనిషి ఎండుచేపలా అయిపోయాడు గానీ కోపం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. హార్బరు రోడ్డులో ఆయనకో రేకుల షెడ్డు. గిరాకీ ఎవడైనా లోపలికి వస్తే ముందు తిట్టు, తర్వాత "ఏంది?" అనే ప్రశ్న. మోటారు ఎందుకు చెడిందో చెప్పబోయినవాణ్ణి "అంత తెలిసినోడివి నా దగ్గరికి ఎందుకొచ్చినావు, నువ్వే చేసుకో పో" అంటాడు. ఏమీ చెప్పకుండా నిలబడ్డవాణ్ణి "నోట్లో కుడుం పెట్టుకున్నావా?" అంటాడు. కొత్త మోటార్లు తెచ్చినవాళ్ళంటే మరీ మంట. వాటిలో నిప్పు పుట్టించే పాయింట్లుండవు, మూసేసిన డబ్బాలో ఏదో సర్క్యూటు ఉంటుంది. "రేడియో తెచ్చి మోటారంటా ఉండాడు చూడండి" అని వీధంతా వినపడేలా అరిచి పంపేస్తాడు.

ఆయన నోటిని భరించవచ్చు. నాకు ఒళ్ళు మండేది ఆయన చేతిని చూస్తే. ఎవరు ఏ పని చేసినా దాని మీద చివరి చెయ్యి ఆయనదే పడాలి. వదిన చారు దించగానే రుచి కూడా చూడకుండా చిటికెడు ఉప్పు వేస్తాడు, తర్వాత ఉప్పెక్కువైందని ఆమెనే తిడతాడు. పాలవాడు బిగించి ఇచ్చిన క్యాను మూత మళ్ళీ బిగిస్తాడు. ఒకసారి బస్సులో పక్కవాడి సంచి ముడి సరిగా లేదని విప్పి కట్టబోయి తన్నులు తినాల్సింది. నా పెళ్ళిలో మూడు ముళ్ళూ పడి, ఇంకా అక్షింతలు మీద పడుతుండగానే పీటల దగ్గరికి వచ్చి, ముడి లాగి చూసి బిగించి వెళ్ళాడు. "తాళి కట్టింది నేను, బిగించింది మీ అన్న" అని మా ఆయన బతికున్నంత కాలం దెప్పేవాడు. ఇదేం పాడు అలవాటని అడిగితే "సుమ్మా ఒకసారి చూసినా" అంటాడు. సుమ్మా అంటే మా దగ్గర ఊరికే అని. ఆ ఊరికే చూడడం ఎంత పని చేసిందో చెప్పడానికే ఇదంతా.

మేం తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయన రామానుజానికి పొలం ఉండేది కానీ ధ్యాస పొలం మీద ఉండేది కాదు, నీళ్ళు తోడే కిరసనాయిలు ఇంజను మీద ఉండేది. ఒక ఫ్రెంచి దొర తన దేశానికి వెళ్ళిపోతూ, పడవ వెనక తగిలించే మోటారొకటి నడవడం లేదని పారెయ్యబోతే నాయన అడిగి తెచ్చుకున్నాడు. ఒంటి సిలిండరుది. పైన గుండ్రటి ఫ్లైవీలు, దానికి తాడు చుట్టి లాగితే స్టార్టు కావాలి. దొర చేతిలో కానిది నాయన చేతిలో అయింది. ఆ తర్వాత పొలం కౌలుకిచ్చేసి, జాలర్ల మోటార్లు బాగుచెయ్యడానికి షెడ్డు వేశాడు.

ఆ దొర మోటారు మీదే మా అన్నలిద్దరికీ పని నేర్పాడు. పెద్దన్న వరదరాజులు, చిన్నన్న సౌందరరాజన్. వాళ్ళ తర్వాత పుట్టిన శివగామిని నేను. ఆడపిల్లకెందుకని నాకు నేర్పలేదు. పక్కన కూర్చుని నూనె గుడ్డలు ఉతికింది నేనే కాబట్టి చూసి తెలుసుకున్నాను.

ఫ్లైవీలు కింద రెండు చిన్న లోహపు మొనలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అవే పాయింట్లు. ఫ్లైవీలు తిరిగేటప్పుడు అవి ఒక్క క్షణం విడిపోతాయి, అప్పుడే ప్లగ్గులో నిప్పు పడుతుంది. ఎంత విడిపోవాలన్నది గ్యాపు. ఎప్పుడు విడిపోవాలన్నది టైమింగు. పిస్టన్ పైకి వస్తూ, పైదాకా చేరకముందే, ఒకానొక చోట నిప్పు పడాలి. ఆ చోటు తెలియడానికి నాయన ఒక సైకిలు చువ్వ మీద గీత పెట్టుకున్నాడు. ప్లగ్గు తీసిన కన్నంలో చువ్వ దించితే, పిస్టన్ తోసేకొద్దీ అది పైకి లేస్తుంది. గీత కన్నం అంచుకు రావడం, పాయింట్లు విడవడం ఒక్కసారే జరగాలి. పాయింట్లు విడిచాయని తెలియడానికి వాటి మధ్య సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క పెట్టి మెల్లగా లాగి పట్టుకుంటారు. అవి కలిసి ఉన్నంతసేపు కాగితం రాదు. విడవగానే చేతిలోకి వచ్చేస్తుంది.

ఒక్క మనిషే రెండు పనులూ చేసుకోవచ్చు. మా నాయన మాత్రం ఎప్పుడూ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. పెద్దన్న గ్యాపు పెట్టి కాగితం పట్టుకోవాలి. చిన్నన్న ఫ్లైవీలు తిప్పుతూ చువ్వ చూడాలి. కాగితం రాగానే పెద్దన్న "విడిచింది" అనాలి, చిన్నన్న అక్కడే ఆపాలి. గీత కుదరకపోతే పాయింట్ల ప్లేటు కాస్త జరిపి మళ్ళీ మొదలు. టైమింగు కుదిరాక మాత్రం గ్యాపు ముట్టుకోకూడదు. గ్యాపు వెంట్రుకవాసి పెరిగినా పాయింట్లు ముందే విడిపోతాయి, పెట్టిన టైమింగంతా పోతుంది. ఈ మాట నాయన అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు.

నాయన పోయిన కొన్నేళ్ళకు, కాలాపేట వైపు నుంచి వీరాసామి అనే జాలరి తన మోటారు తెచ్చాడు. నాయన కాలం నుంచీ మా గిరాకీయే. అన్నలిద్దరూ కూర్చుని గ్యాపు, టైమింగు పెట్టి పంపారు. మర్నాడు నడిసముద్రంలో ఆ మోటారు పిస్టన్ కరిగి బొక్క పడింది. నిప్పు మరీ ముందుగా పడితే అదే అవుతుంది. వీరాసామి పడవ కొట్టుకుపోయి ఎక్కడో కడలూరు దాటాక వేరే జాలర్లకు దొరికింది. మనిషి బతికాడు. ఎండకు పగిలిన పెదాలతో వచ్చి, హార్బరు జనమంతా వినేలా అడిగాడు, నన్ను చంపబోయింది మీ ఇద్దర్లో ఎవరని.

పెద్దన్న ఆలోచించనైనా లేదు. "గ్యాపు నాది. అది సరిగానే ఉండింది. టైమింగు వాడిది" అని తమ్ముడి మీదికి వేలు చూపించాడు.

"నేను గీతకు సరిగ్గా పెట్టినా. నా తరువాత ఎవురో గ్యాపులో వేలు పెట్టినారు" అన్నాడు చిన్నన్న.

"ఎవురు పెడతారు? షెడ్డులో ఉండింది నువ్వూ నేనే. నేనా పెట్టింది?" పెద్దన్న చెప్పు తీసి తమ్ముడి మీదికి విసిరాడు.

చిన్నన్న ఆ రోజే షెడ్డు వదిలి వెళ్ళిపోయాడు. ఏ జాలరీ ఆయన చేతికి మళ్ళీ మోటారు ఇవ్వలేదు. చంపబోయినవాడని వీరాసామి కనబడ్డవాళ్ళకల్లా చెప్పాడు. చివరికి ఊళ్ళోనే సారం అనే పేటలో చిన్న గది తీసుకుని, మిక్సీలూ టేబులు ఫ్యాన్లూ బాగుచేస్తూ బతికాడు. వేలితో తట్టి మోటారు జబ్బు చెప్పగలిగిన మనిషి మిక్సీ జారుల అడుగున మసాలా గీకుతూ కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా అన్నదమ్ములు ఒక్క మాట మాట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో "ఆయన్ని జరగమను", "వాణ్ణి అటు కూర్చోమను" అని నాతో చెప్పించేవాళ్ళు. నేను మనిషిననుకున్నారో, గోడకున్న కన్నమనుకున్నారో!

అమ్మ జయమ్మాళ్ ఊరి ఆ చివరున్న గోరిమేడులో నా దగ్గరే ఉండేది. ఒక కొడుకింట్లో ఉంటే ఇంకో కొడుకు గడప తొక్కడని. ఈ మధ్యనే పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మీ నాయనను యాడ కలిపితిరో నన్నూ ఆడనే కలపండి. ఆ దొర మోటారు మీదనే పోవాల. కొడుకులిద్దురూ ఒకే పడవలో ఉండాల. లేకుంటే హార్బరు ముందర మురికి కాలవలో పోసెయ్, పోతా."

అమ్మకూ కోపం తక్కువేం కాదు.

అస్థికల చిట్టికుండకు తెల్లగుడ్డ కట్టి, ఇంట్లోకి తేకూడదు కాబట్టి వాకిట్లో కొబ్బరిచెట్టుకు వేలాడదీశాం. పురోహితుడు వేసిన ముడిని పెద్దన్న విప్పి మళ్ళీ వేశాడు. పెద్దకర్మ రోజు లోపల సముద్రంలో కలపాలి. ఆ మోటారేమో చిన్నన్న వెళ్ళిన నాటి నుంచీ గోనెసంచి కింద పడి ఉంది. ఇప్పటి మెకానిక్కులు దాన్ని చూసి నవ్వారు. పెద్దన్న ఒక్కడివల్లా కాదు. కంట్లో శుక్లం, చువ్వ మీద గీత కనపడదు. చిన్నన్న ఒక్కడివల్లా కాదు. షుగరొచ్చి వేళ్ళ కొనలు మొద్దుబారాయి, కాగితం వచ్చిందీ రానిదీ తెలియదు. ఇద్దరూ కూర్చుంటేనే అమ్మ సముద్రం చేరుతుంది.

షెడ్డుకు వెళ్ళి చెబితే పెద్దన్న ఒంటికాలి మీద లేచాడు. "వాడు నా షెడ్డులో అడుగు పెడితే కాలు ఇరగ్గొడతా. ఒక మనిషిని సముద్రంలో చంపబోయినోడు మా అమ్మను తీసకపోతాడా?"

"ఆయనకూ అమ్మేగదా" అన్నాను.

"నోరు ముయ్యి మే."

అక్కణ్ణించి సారం వెళ్ళాను. చిన్నన్న ఫ్యానుకు నూనె వేస్తున్నవాడు తల కూడా ఎత్తలేదు. "ఆయన పిలిస్తే వస్తా."

"నేను పిలస్తా ఉండా గదా."

"నన్ను తరిమింది నువ్వు కాదు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెట్టుకు వేలాడుతున్నది వీళ్ళిద్దర్నీ కన్న తల్లి. ఇంటికొచ్చి ఇద్దరికీ ఫోను చేసి ఒకే మాట చెప్పాను. "మీరెవురూ రావద్దు. రేపు ఏదో ఒక పడవ మాట్లాడుకోని నేనే పోతా, నేనే కలుపుతా. జయమ్మాళ్‌కు కొడుకులు లేరా అని హార్బరులో అడిగితే, లేరని చెప్తా." జవాబు వినకుండా పెట్టేశాను.

మర్నాడు పొద్దున నేను కుండ తీసుకుని హార్బరు రోడ్డుకు వెళ్ళేసరికి ఇద్దరూ వచ్చి ఉన్నారు, వీధికి ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు. కుండను షెడ్డు బయట మేకుకు తగిలించాను.

మోటారును చెక్కదిమ్మెకు బిగించి కింద నీళ్ళ డ్రమ్ము పెట్టారు. పెద్దన్న గరుకు ఎమరీ కాగితంతో పాయింట్లు రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, గ్యాపు పెట్టి, కాగితం ముక్క దూర్చాడు. చిన్నన్న జేబులోంచి సైకిలు చువ్వ తీశాడు. నాయన గీత పెట్టిన చువ్వే. ఇన్నేళ్ళూ ఆయన దాన్ని దాచుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. మిక్సీలు బాగుచేసేవాడికి దానితో ఏం పని?

"శివగామీ, వాణ్ణి తిప్పమను" అన్నాడు పెద్దన్న నా వైపు చూసి. ఇద్దరి మోకాళ్ళ మధ్య జానెడు చోటు కూడా లేదు.

"తిప్పన్నా" అన్నాను.

చిన్నన్న తిప్పాడు. కాగితం పెద్దన్న చేతిలోకి వచ్చింది. "విడిచిందని చెప్పు మే."

"విడిచింది."

చిన్నన్న ఆపి చువ్వ చూశాడు. "గీత దాటిపోయింది. ప్లేటు జరపమని చెప్పు."

"జరపాలంట."

పెద్దన్న పళ్ళు నూరుతూ ప్లేటు జరిపాడు. మళ్ళీ తిప్పమను, తిప్పన్నా, విడిచిందని చెప్పు, విడిచింది. మళ్ళీ గీత దాటడం, మళ్ళీ జరపడం. నా తలప్రాణం తోకకొచ్చింది. ఎట్టకేలకు గీత కుదిరిందన్నాడు చిన్నన్న. ప్లగ్గు బిగించి, తాడు చుట్టి, తనే లాగాడు.

మోటారు వెనక్కి తన్నింది. తాడు ఆయన చేతిని గుంజుకుపోయి దిమ్మెకేసి కొట్టింది. మణికట్టు దగ్గర తోలు లేచి రక్తం కారింది.

"టైమింగు తెలీనోడికి అంతే అవుతాది. అదీ చెప్పు వానికి" అన్నాడు పెద్దన్న. నవ్వాడు కూడా. తమ్ముడికి రక్తం కారుతుంటే నవ్వేవాణ్ణి నేను అన్నా అని పిలవాలి!

ఎక్కడ తప్పు జరిగిందో నాకు అప్పుడు తట్టింది. పెద్దన్న నాకు చెప్పి, నేను చిన్నన్నకు చెప్పేలోపు ఫ్లైవీలు ఇంకాస్త తిరిగిపోతోంది. పాయింట్లు విడిచేది ఒక చోట, చిన్నన్న చువ్వ చూసేది ఇంకో చోట. ఆలస్యంగా విడుస్తున్నాయనుకుని ప్లేటు జరిపి జరిపి, నిప్పు మరీ ముందుగా పడేలా చేసి కూర్చున్నారు.

"నా నోటి గుండా వస్తే ఇది జన్మలో కుదరదు. దేవుడు మీ ఇద్దురికీ నోరిచ్చినాడు. చెప్పుకుంటే చెప్పుకోండి. లేదంటే అమ్మను తీసకోని ఆ కాలవకే పోతా" అని మేకు మీది కుండ తీసి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను.

తర్వాత పెద్దన్న కొత్త కాగితం ముక్క దూర్చాడు. చిన్నన్న చువ్వ దించి తిప్పడం మొదలుపెట్టాడు. పెద్దన్న ముఖం గోడ వైపే ఉంది.

"విడిచింది" అన్నాడు.

చిన్నన్న చెయ్యి ఠక్కున ఆగింది. ఇరవై ఏళ్ళ తర్వాత అన్న తనతో పలికిన మొదటి మాట అది. నేను కుండను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. వాళ్ళిద్దరూ మాత్రం ఏమీ జరగనట్టే ఉన్నారు. "జరుపు" అన్నాడు చిన్నన్న, చువ్వతో మాట్లాడినట్టు. ఇంకో రెండు విడతల్లో గీత కుదిరింది. చిన్నన్న చువ్వ తుడిచి జేబులో పెట్టుకుని, మణికట్టు కడుక్కోవడానికి వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

అప్పుడే వీరాసామి వచ్చాడు. నేను పడవ వెతుకుతున్నానని విని, అమ్మ కోసమని ఆయనే ఇస్తానన్నాడు. ముసలివాడైపోయాడు గానీ పాత పగ అలాగే ఉంది. కుళాయి దగ్గరున్న చిన్నన్నను చూసి ముఖం మాడ్చుకుని తమిళంలో అన్నాడు, వాడు పెట్టిన టైమింగయితే ఆ మోటారు నా పడవకు తగిలించను, నేను ఒకసారి చచ్చి బతికినవాణ్ణి అని.

"నేనుండా గదా, నేను చూసుకుంటా" అన్నాడు పెద్దన్న తమిళంలోనే. నోరు వీరాసామితో మాట్లాడుతూనే ఉంది. చెయ్యి స్క్రూడ్రైవరు తీసుకుంది. ఫ్లైవీలుకున్న కిటికీలోంచి లోపలికి పోయింది. గ్యాపు స్క్రూ వదులు చేసి, రవ్వంత జరిపి, మళ్ళీ బిగించింది.

"అన్నా, ఏంది చేస్తా ఉండావు?" అన్నాను.

"ఏంది?"

"నీ చెయ్యి."

ఆయన కిందికి చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపు చూశాక నాకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. అయినా అడిగాను.

"ఆ దినం కూడా ఇట్లే చేసినావా?"

ఆయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. వీరాసామికి తెలుగు అర్థం కాక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. కదిలిన గ్యాపు మళ్ళీ అదే చోటికి రాదు, టైమింగు మొదట్నుంచీ పెట్టాలి. పెట్టాలంటే చిన్నన్న కూర్చోవాలి. ఎందుకు కూర్చోవాలో ఆయనకు చెప్పాలి. చెప్పకపోతే ఈ మోటారు అమ్మతో సహా అందర్నీ నడిసముద్రంలో వదిలేస్తుంది.

"నేను చెప్పను. చెప్పేది నువ్వే చెప్పు" అన్నాను.

చిన్నన్న మణికట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"సౌందరం, కూర్చో. ఇంకొకసారి పెట్టాల" అన్నాడు పెద్దన్న.

"కుదిరింది గదా. ఎందుకో అడుగు శివగామీ."

నేను నోరు విప్పలేదు.

"నేను ముట్టుకున్నా" అన్నాడు పెద్దన్న. తర్వాత వీరాసామి వైపు తిరిగి అదే మాట తమిళంలో చెప్పాడు. వీరాసామికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అప్పుడు కూడానా అని అడిగాడు.

"నాకు తెలీదు. చెయ్యి పోతాది. నాకు తెలీకుండానే పోతాది. అప్పుడూ పోయుంటాది."

నిజంగానే తెలియదా? నేనిప్పటికీ నమ్మను. ఆ చెయ్యి అంత తొందరగా వెనక్కి రావడం నేను చూశాను. ఎప్పుడో ఒక రాత్రి పడుకున్నప్పుడు ఆయనకు అది గుర్తొచ్చే ఉంటుంది, మళ్ళీ అటు తిరిగి పడుకుని ఉంటాడు. వీరాసామి నేల మీద చతికిలబడ్డాడు.

చిన్నన్న కూర్చుని, ప్లగ్గు కన్నంలో చువ్వ దించాడు. "విడిచింది." "జరుపు." "విడిచింది." అంతే మాటలు. కుదిరాక పెద్దన్న స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి దూరంగా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. చిన్నన్న తాడు లాగాడు. మోటారు మొదటి లాగుకే అందుకుంది. నాయన ఉన్నప్పటి చప్పుడే.

సముద్రంలో అది ఒక్కసారి కూడా దగ్గలేదు. పడవకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, మధ్యలో కుండతో నేను. నాయనను కలిపిన చోట వీరాసామి మోటారు ఆపాడు. కుండ మీద గుడ్డ ముడి పెద్దన్న వేసిందే. ఆయన దాన్ని విప్పకుండా తమ్ముడి వైపు తోశాడు. చిన్నన్న మొద్దుబారిన వేళ్ళతో తంటాలు పడి విప్పాడు. పెద్దన్న చేతులు రెండూ బల్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అమ్మ నీళ్ళలో కలిసిపోయింది. నేను గట్టిగా ఏడ్చాను. వాళ్ళు కూడా ఏడ్చారేమో, నేను చూడలేదు, చూడాలనీ అనిపించలేదు.

ఒడ్డుకు వచ్చాక చిన్నన్న నేరుగా అన్న ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"ఆ దినం హార్బరు జనమంతా వింటా ఉంటే నా మీదికి వేలు చూపిస్తివి. విన్నోళ్ళలో సగం మంది చచ్చిపోయినారు. ఇప్పుడు ఎవురికి పోయి చెప్తావు?"

చిన్నన్న బస్సు ఎక్కి సారం వెళ్ళిపోయాడు. కర్మకు వచ్చాడు, పిండం పెట్టాడు, అన్న వైపు చూడకుండా వెళ్ళాడు. ఇన్నేళ్ళూ అనుమానంతో మాట్లాడలేదు, ఇప్పుడు తెలిసి మాట్లాడడం లేదు. నిజం బయటపడితే అంతా సర్దుకుంటుందని నేను ఆశపడ్డాను. నా అంత పిచ్చిది లేదు.

పెద్దన్న మాత్రం హార్బరులో మిగిలిన ముసలి జాలర్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని చెబుతున్నాడు. మంచిగా చెబితే ఆయన వరదరాజులు ఎందుకవుతాడు? "విను రా, గ్యాపు ముట్టింది నేను. వాడు కాదు. చెవుల్లో వేసుకో" అని తిట్టి మరీ చెబుతున్నాడట. సగం మందికి ఏ గ్యాపో, ఏ మోటారో గుర్తు లేదు. తల ఊపి పంపిస్తున్నారు.

ఆదివారం ఆదివారం సారం వెళ్ళి తమ్ముడి కొట్టు మెట్ల మీద కూర్చుంటున్నాడు. మొన్న నేనూ వెళ్ళాను. చిన్నన్న ఒక టేబులు ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. నన్ను చూడగానే, "ఆయన్ని ఇంటికి పొమ్మను" అన్నాడు.

"పోనని చెప్పు" అన్నాడు మెట్ల మీంచి పెద్దన్న.

చిన్నన్న ఫ్యాను బిగించడం ముగించి దాన్ని తెచ్చి మెట్ల పక్కన, సరిగ్గా అన్న చేతికి అందే చోట పెట్టాడు. ముందు జాలీకి ఒక స్క్రూ సగం పైకే ఉంది. మరిచిపోయాడో, కావాలనే వదిలాడో తెలియదు. లోపలికి పోయి, అక్కణ్ణించి చూస్తూ నిలబడ్డాడు.

పెద్దన్న చెయ్యి ముందుకు వెళ్ళింది. స్క్రూ దాకా వెళ్ళి ఆగింది. మెల్లగా మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. ఆయన దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఆయన్ని పొమ్మని చెప్పు శివగామీ" అన్నాడు చిన్నన్న మళ్ళీ. ఈసారి గొంతు గట్టిగా లేదు.

"వచ్చే ఆదివారం వస్తానని చెప్పు మే" అన్నాడు పెద్దన్న.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. సంచి తీసుకుని గోరిమేడు బస్సు ఎక్కేశాను.